మదర్‌బోర్డుని అడగండి

"నన్ను అడిగింది చాలు సార్. ఆ మదర్‌బోర్డుని అడగండి."

ప్రొఫెసర్ని చంపిందని నిన్న సాయంత్రం పట్టుకొచ్చినప్పటి నుంచీ ఆ కంప్యూటర్ అసెంబ్లర్ ఇదే పాట పాడుతోందని స్టేషన్లో ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకుంటున్నారు. కంప్యూటర్లు బిగించి బిగించి ఆమె బుర్రలోనే ఒక స్క్రూ వదులైందని రైటర్ అననే అన్నాడు. మీటరుకి మాత్రం నవ్వు రాలేదు. కరెంటు ఆఫీసులో ఇరవై రెండేళ్ళు మీటర్ల చుట్టూ తిరిగి దొంగ కనెక్షన్లు పట్టిన మనిషి అతను. ఉద్యోగం వదిలి ప్రైవేటు డిటెక్టివ్ అయినా పేరు మాత్రం అతన్ని వదల్లేదు. మనుషులు చెప్పిన మాటకంటే గోడకి బిగించిన పెట్టె చెప్పిన మాటే ఎక్కువ నమ్మడం అతనికి అప్పటి అలవాటు.

గోడ గడియారం ఒంటిగంటా నలభై చూపిస్తోంది. అయిదింటికి ఆమెను కోర్టులో హాజరు పరుస్తారు. ఆ తర్వాత జైలు.

"మొదట్నుంచీ చెప్పమ్మా. ప్రొఫెసర్ నీ షాపుకి ఎప్పుడొచ్చాడు?"

"నెలైంది. కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు." ఆమె చేతులు బల్లమీద పెట్టింది. వేళ్ళ చివర్లలో పాత గాట్లున్నాయి, రేకుల అంచులు కోసినవి. "వచ్చినవాళ్ళందరూ ప్రాసెసరేది, గ్రాఫిక్స్ కార్డేది అని అడుగుతారు సార్. బోర్డు గురించి ఒక్కళ్ళూ అడగరు. ఆయన అదే ముందు అడిగారు. తొమ్మిది రోజులు ఆపకుండా లెక్క చేస్తే, మధ్యలో ఒక్క అంకె కూడా తప్పుపడని బోర్డు ఏదమ్మా అని."

"తప్పుపడుతుందా?"

"ఎప్పుడో ఒకసారి మెమరీలో సున్నా ఒకటైపోతుంది. సినిమా చూసేవాడికి అది తెలీను కూడా తెలీదు. లెక్క చేసేవాడికి కొంప మునుగుతుంది. తన తప్పు తనే దిద్దుకునే మెమరీ ఉంది, కానీ అది అన్ని బోర్డులకీ ఎక్కదు. ఎక్కేవి రెండు చూపించాను. ఒకటి మామూలుది. రెండోదాంట్లో కాపలా చిప్పు ఉంటుంది. మెషీన్ ఆఫ్‌లో ఉన్నా అది మేలుకునే ఉంటుంది. ఎప్పుడు ఆన్ చేశారు, ఎప్పుడు ఆపారు, మూత ఎప్పుడు తీశారు, అన్నీ టైముతో సహా రాసుకుంటుంది."

"ఏది తీసుకున్నారు?"

"కూతురు మామూలుదే చాలంది. సరేనని లేచారు. మర్నాడు ఆయనొక్కరే ఫోన్ చేసి, ఆ రెండోదే వెయ్యి, మా అమ్మాయికి చెప్పకు, ఇంత ఖరీదెందుకని నన్ను తినేస్తుంది అన్నారు. ఆయన నవ్వగా విన్నది అప్పుడొక్కసారే."

ఇది మీటరుకి కొత్త సంగతి. ఇన్‌స్పెక్టర్ ఫైల్లో ఉన్నది మొదటిరోజు రాసిచ్చిన కొటేషనే. అందులో మామూలు బోర్డు పేరుంది.

"ఆయన చనిపోయిన మంగళవారం ఎందుకెళ్ళావు?"

"ఒక మెమరీ ముక్క పదేపదే తప్పులు దిద్దుకుంటోందని బోర్డు చెప్పింది. నాలుగింటికి వెళ్ళి, లెక్క ఆపించి, మెషీన్ ఆపి, మూత తీసి, ముక్క మార్చి మళ్ళీ మొదలుపెట్టాను. ఆపినచోటి నుంచే సాగింది. నాలుగూ పాతికకి బయటపడ్డాను. గుమ్మం దాకా వచ్చి సాగనంపారు సార్ ఆయన. నాలుగూ ముప్పావు నుంచి ఆరు దాకా మా పాప బడిలో మీటింగులో ఉన్నాను. రిజిస్టర్లో నా సంతకాలున్నాయి."

"మూత తీస్తే బోర్డుకెలా తెలుస్తుంది?"

"మూత దగ్గర చిన్న స్విచ్చి, దాన్నుంచి సన్నటి తీగ ఉంటాయి. అసెంబుల్ చేసేవాళ్ళెవరూ ఆ తీగ తగిలించరు, లోపలెక్కడో మడిచి వదిలేస్తారు. నేను తగిలిస్తాను. షాపు పెట్టిన కొత్తలో ఒకాయన లోపల పార్టు మార్చేసి, నేనే పాతది వేసి మోసం చేశానని బజారంతా చాటాడు. అప్పట్నుంచి ఆ తీగ తగిలించకుండా ఒక్క మెషీనూ బయటికి పంపలేదు." ఆమె గడియారం వైపు చూసింది. "అయిదింటికి బడి వదులుతారు. రోజూ నేనే వెళ్తాను. ఇవాళ ఎవరొస్తారో దానికి తెలీదు."

మీటరు లేచాడు.

*

ఇన్‌స్పెక్టర్ వయసులో చిన్నవాడు, పట్టుదలలో పెద్దవాడు. కేసు ఒక్కరోజులో తేల్చేశానన్న ధీమా నడకలోనే కనిపిస్తోంది. "అరగంట టైమివ్వండి. నా మాట తప్పైతే మళ్ళీ ఈ కేసు జోలికి రాను" అని మీటరు పందెం కాసినట్టు అడిగితే, శని వదిలిపోతుందన్న ఆశతోనే ఒప్పుకున్నాడు. రెండూ ఇరవైకి అందరూ ప్రొఫెసర్ ఇంటికి చేరారు. సంకెళ్ళతో అసెంబ్లర్, ఆమె పనిసంచీ మోస్తూ ఒక కానిస్టేబుల్.

తలుపు తీసింది ప్రొఫెసర్ కూతురు. మీటరుని ఈ పనికి పెట్టుకున్నది ఆమే. నిన్న రాత్రి అతని ఆఫీసుకొచ్చి, "ఆవిడ చెయ్యలేదు. అది రుజువు చెయ్యండి చాలు. ఎవరు చేశారని వెతకొద్దు, నాన్న జారిపడి ఉంటారు" అంది. తండ్రి పోయిన దుఃఖంలో మనుషులు తలాతోకా లేకుండా మాట్లాడతారు కాబట్టి అతను దాన్ని పట్టించుకోలేదు.

అసెంబ్లర్ చేతులకున్న సంకెళ్ళు చూడగానే ఆమె మొహం పాలిపోయింది. "వాటిని తియ్యరా?" అంది.

"తీసే టైము రాలేదమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

గది చిన్నది. కిటికీ కింద ఇనుప బల్ల, దాని మూల మీద ఎండిన నెత్తురు, నేలమీద సుద్దగీత. బల్ల పక్కన మోకాలెత్తు నల్లటి కేబినెట్, ఊడదీసిన పక్కమూత గోడకి ఆనించి ఉంది. కేబినెట్ మీద ఎర్రపిడి స్క్రూడ్రైవర్. లోపల రెండు డిస్కుల అరలు ఖాళీగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

"కథ ఇదీ" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పట్టాల మీది కాలినడక వంతెన కూలి పదకొండు మంది పోయారు. ఎందుకు కూలిందో ఈయన లెక్క కడుతున్నాడు. అది బయటికి రాకూడదనుకున్నవాళ్ళు ఈవిడని పట్టుకున్నారు. రిపేరని వచ్చి డిస్కులు లాగుతుంటే ఈయన అడ్డుపడ్డాడు, తోసేసింది. నాలుగూ పాతిక లోపలే అంతా అయిపోయింది. ప్రాణం పోయింది నాలుక్కీ ఆరుకీ మధ్య అని డాక్టరు రాశాడు. లోపలంతా ఈవిడ వేలిముద్రలే."

"బిగించింది ఆవిడైతే ఇంకెవరివి ఉంటాయి? డిస్కుల అరల మీద ఏమున్నాయి?"

"తుడిచేసి ఉన్నాయి."

"మిగతా అంతా వదిలేసి ఆ రెండే తుడిచిందా? ఆవిడ ముద్రలు అక్కడ ఉండటమే న్యాయం కదా, ఇక తుడవడం ఎందుకు?"

మీటరు వంగి మూత పక్కనున్న రెండు స్క్రూలు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. తలలు లావుగా, అంచులు గరుకుగా ఉన్నాయి, వేళ్ళతో తిప్పేవి. తలమీది గాడి పక్కన తాజా గీతలు పడి ఉన్నాయి.

"వీటికి స్క్రూడ్రైవర్ కావాలామ్మా?"

"అక్కర్లేదు సార్, చేత్తో తిప్పితే వచ్చేస్తాయి. ఆ స్క్రూడ్రైవర్ ఆయన దగ్గరుంటుందని నేనే ఇచ్చి ఉంచాను."

"అంటే మూత తీసింది ఈ పని రానివాళ్ళు."

"గీతలు పట్టుకుని కోర్టుకెళ్తే జడ్జి నా మొహాన పేడకొడతాడు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీ అరగంట అయిపోవస్తోంది."

"అయితే బోర్డునే అడుగుదాం. ప్లగ్గు పెట్టించండి."

సంకెళ్ళు ఒక చేతికి మాత్రం ఉంచి రెండో చెయ్యి వదిలారు. ఆమె సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి, వైరొకటి కేబినెట్ వెనక తగిలించింది. ప్లగ్గు పెట్టగానే నల్లటి బోర్డు మూల చిన్న పచ్చదీపం కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఫ్యాన్లు తిరగలేదు, తెర వెలగలేదు. గుమ్మంలో నిలబడిన కూతురు ఆ దీపం వైపు కన్నార్పకుండా చూసింది.

"మెషీన్ చచ్చిపోయిందిగా. ఇంకా అదేమిటి?" అంది.

"మెషీన్ పోయినా ఇది ఉంటుందమ్మా" అంది అసెంబ్లర్. "నాన్నగారు తర్వాత ఫోన్ చేసి ఇదే వెయ్యమన్నారు."

ల్యాప్‌టాప్ మీద వరసలు పడ్డాయి. ఇన్‌స్పెక్టర్ వంగి, మంగళవారం దగ్గర వేలు పెట్టి పైకి చదివాడు. నాలుగూ అయిదుకి మూత తెరిచారు. నాలుగూ ఇరవై ఒకటికి మూశారు. నాలుగూ ఇరవై రెండుకి ఆన్. ఆ తర్వాత అతని గొంతు నెమ్మదించింది. అయిదూ పదిహేడుకి పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేశారు. అయిదూ పంతొమ్మిదికి మూత తెరిచారు. మళ్ళీ మూసినట్టు లేదు.

"అయిదూ పంతొమ్మిదికి ఈవిడ బడిలో టీచరు ఎదుట కూర్చుని ఉంది" అన్నాడు మీటరు. "ఆ సంతకాలు మీరే సరిచూశారు."

ఇన్‌స్పెక్టర్ నిటారుగా నిలబడ్డాడు. "బోర్డు ఈవిడదే, గడియారం పెట్టిందీ ఈవిడే. గంట ముందుకు తిప్పి పెట్టుకుంటే? దొంగ రాసుకున్న డైరీని నేను సాక్ష్యమంటే నన్ను ఉద్యోగంలోంచి పీకేస్తారు."

న్యాయమైన మాటే. ఎవరి మాటకైనా ఇంకో పెట్టె సాక్ష్యం కావాల్సి వస్తుందని తెలిసే మీటరు పొద్దున్నే తన పాత ఆఫీసుకి వెళ్ళి వచ్చాడు. జేబులోంచి మడతపెట్టిన రెండు కాగితాలు తీసి, పైదాన్ని బల్లమీద పరిచాడు.

"గేటు పక్క గోడకి ఈ ఇంటి మీటరుంది. కొత్తరకం. అరగంటకోసారి ఎంత కరెంటు వాడారో దానంతటదే ఆఫీసుకి పంపిస్తుంది. దాని గడియారం ఈవిడ చేతిలో లేదు, నా చేతిలో లేదు, మీ చేతిలో లేదు. ఈ మెషీన్ లెక్క చేస్తున్నంతసేపూ దాదాపు ఒక ఇస్త్రీపెట్టెంత కరెంటు లాగుతుంది. చూడండి. నాలుగున్నర నుంచి అయిదు దాకా అర యూనిట్ పైచిలుకు. అయిదున్నర తర్వాత ఫ్రిజ్జూ గోడ గడియారమూ తిన్నంత. మెషీన్ ఆగింది అయిదుకీ అయిదున్నరకీ మధ్య. ఒకరి మొహం ఒకరు చూడని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబుతున్నారు."

ఇన్‌స్పెక్టర్ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవలేదు. మనిషి మొండివాడే గానీ చెడ్డవాడు కాదని మీటరుకి అప్పుడు తెలిసింది, ఎందుకంటే అతను కానిస్టేబుల్ వైపు తిరిగి, "ఆ రెండో చెయ్యి కూడా తియ్యి" అన్నాడు.

అసెంబ్లర్ మణికట్టు రుద్దుకుంది. ఏడవలేదు. "అయిదింటికి బడికెళ్ళొచ్చా సార్?" అని మాత్రం అడిగింది.

"వెళ్దువుగానీ" అని ఫోన్ తీశాడు ఇన్‌స్పెక్టర్. "అయితే ఇక మిగిలింది అల్లుడు. కూలిన వంతెన డ్రాయింగు మీద సంతకం అతనిదే. లెక్క బయటపడితే జైలుకి పోయేది అతనే."

"మంగళవారం రెండు నుంచి ఆరు దాకా విచారణ సంఘం ముందు, నలభైమంది ఎదుట కూర్చున్నాడు. లేచి మంచినీళ్ళు కూడా తాగలేదు" అన్నాడు మీటరు. కానీ అతని ధ్యాస మాటల మీద లేదు. అయిదు నుంచి అయిదున్నర గడి మీద ఉంది.

"ఏమిటి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఈ గడిలో కరెంటు తక్కువ పడింది. పదిహేడు నిమిషాలూ లెక్క చేసి ఉంటే ఇంకా రావాలి. సుమారు ఎనిమిది నిమిషాలపాటు మెషీన్ ఆన్‌లో ఉండి కూడా పనేం లేకుండా కూర్చుంది." అతను అసెంబ్లర్ వైపు తిరిగాడు. "అంటే ఏమిటమ్మా?"

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "లెక్క పూర్తయిపోయింది సార్. ఆపకముందే."

"పూర్తయితే ఏం, డిస్కులు పోయాయిగా" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"రెండే పోయాయి. మూడోది ఉంది. ఈ బోర్డుకి వెనకవైపు కూడా ఒక అర ఉంటుంది, మామూలుదానికి ఉండదు. ఫలితం మూడుచోట్లా రాసేలా పెట్టాం."

ఆమె కేబినెట్‌ని తిప్పి రెండోవైపు మూత వేళ్ళతో ఊడదీసింది. బోర్డు వీపు మీద రేకు కింద, అగ్గిపుల్లంత పొడుగు ముక్క ఒకటి నిక్షేపంలా ఉంది. దాన్ని తీసి చిన్న డబ్బీలో పెట్టి ల్యాప్‌టాప్‌కి తగిలించింది.

గుమ్మంలోంచి గాజులు తలుపుకి తగిలిన చప్పుడైంది. మీటరు అటు చూడలేదు. ఎందుకంటే మొదటి కాగితం మడవబోతూ రెండోదాన్ని చూశాడు. ఈ ఇంటికి రెండు మీటర్లు, కిందకొకటి, మేడకొకటి. కూతురూ అల్లుడూ ఉండేది మేడమీద. పొద్దున రెండూ తీసుకున్నది అవసరమై కాదు, ఒక గోడమీద రెండుంటే రెండూ చూడాలన్న పాత అలవాటు కొద్దీ.

నాలుగున్నర నుంచి అయిదు దాకా ఏసీ తిన్నంత కరెంటు. అయిదు నుంచి అయిదున్నర గడిలో అందులో సగమైనా లేదు. ఆ తర్వాత ఏమీ లేదు.

ఈ ఒక్క కాగితం చించి జేబులో వేసుకుంటే అడిగే నాథుడు లేడు. ఆమె ఇచ్చిన పని పూర్తయింది, అసెంబ్లర్ బయటపడింది. ఎవరు చేశారని వెతకొద్దని ఆమె ముందే చెప్పింది. అప్పుడే ఆగి ఆలోచించనందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"అమ్మా," అన్నాడు తల ఎత్తకుండానే, "మంగళవారం తలనొప్పిగా ఉండి మూడింటికి ఏసీ వేసుకుని పడుకున్నానన్నారు. ఆరూ పదికి లేచి కిందికొచ్చేదాకా అది తిరుగుతూనే ఉందన్నారు. ఆ హోరులో కింద ఏం జరిగిందీ వినపడలేదన్నారు."

ఆమె చూపు సుద్దగీత మీదికి దిగింది.

"మేడ మీటరు లెక్కన అయిదూ పది, పన్నెండు మధ్య ఏసీ ఆగిపోయింది. కరెంటు పోలేదు. ఆపారు."

ఇన్‌స్పెక్టర్ చేతిలో ఫోన్ అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత ఆమె గుమ్మం దిగి గదిలోకి వచ్చింది. సుద్దగీత తొక్కకుండా పక్కనుంచి నడిచి తండ్రి కుర్చీలో కూర్చుంది.

"నెలరోజులుగా బతిమాలాను" అంది. గొంతులో వణుకు లేదు, జీవమూ లేదు. "మీ అల్లుడి మీద మీరే కత్తి నూరతారా, ఈ లెక్క మీకెందుకు, వాళ్ళ బాధ వాళ్ళు పడతారుగా అన్నాను. తప్పు ఎవరిదైతే వాళ్ళదని రాసిస్తాను, అంతవరకూ నాతో ఈ మాట ఎత్తకు అనేవారు. ఆ రోజు మా ఆయన్ని విచారణలో దోషిలా కూర్చోబెట్టారు. నాకు నిద్రెలా పడుతుంది? దిగొచ్చాను. నన్ను చూసి నవ్వుతూ లేచారు, ఏదో చెప్పబోయారు. నేను వినలేదు. బటన్ నొక్కిపట్టాను. ఆగు ఆగు అంటూ నా చెయ్యి పట్టుకున్నారు. విదిలించాను. అంతే. విదిలించాను, అంతే."

"డిస్కులు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మురుక్కాల్వలో." ఆమె అసెంబ్లర్ వైపు తిరిగింది. "మిమ్మల్ని ఇరికించాలని కాదండీ. మీ పాప ఉందని తెలుసు. అందుకే ఈ డిటెక్టివ్ గారి దగ్గరికి పరిగెత్తాను. జారిపడ్డారని తేలిపోతుందనుకున్నాను."

అసెంబ్లర్ ఆమెను చూడలేదు. ల్యాప్‌టాప్ తెరని చూస్తోంది. ఆమె మొహంలో ఏదో మారడం గమనించి మీటరు దగ్గరికి వెళ్ళాడు. తెరమీద ఒకే ఒక్క కాగితం తెరుచుకుని ఉంది. అయిదూ తొమ్మిదికి పూర్తయిన ఫలితం. కింద ప్రొఫెసర్ సొంతంగా టైపు చేసిన రెండు వాక్యాలు, అయిదూ పధ్నాలుగుకి దాచినవి.

"ఏమొచ్చింది?" అంది కూతురు. లేచి నిలబడింది. "చెప్పండి. నాన్న ఏం రాశారు?"

మీటరు తన వృత్తిలో చాలా రీడింగులు పైకి చదివాడు. వాటిలో ఇలాంటిది ఒక్కటీ లేదు.

"డ్రాయింగులో ఏ తప్పూ లేదు, తెచ్చి వాడిన ఇనుము నాసిరకం" అని చదివి ఆగాడు. తర్వాతి వాక్యం చదవక తప్పలేదు. "అమ్మాయి నిద్ర లేవగానే ముందు దానికి చెప్పాలి."

మణికట్టు పట్టుకోవడానికి దగ్గరికొచ్చిన ఇన్‌స్పెక్టర్‌ని ఆమె గమనించనైనా లేదు. బల్ల అంచు పట్టుకుని, బడిలో పాఠం అర్థంకాని పిల్లలాగా మీటరు మొహంలోకి చూసింది.

"సరిగ్గా వినపడలేదు" అంది. "ఇంకోసారి చదవండి."